యాదమ్మ మెస్సులో ఎర్రపురుగుల సీజను

పోయిన నెల అశోక్‌నగర్‌ల ఒక మెస్సు ఖాళీ చేయించిన. కొట్లాడి కాదు, కేసు పెట్టి కాదు, ఒక్క ఉపన్యాసంతోని. అది గూడ మెస్సును కాపాడుదామని ఇచ్చిన ఉపన్యాసం. ఛాయ్ తెప్పించుకోన్రి, ఎట్ల జరిగిందో చెప్త.

ముందుగాల నా సంగతి. నేను నారాయణగూడల ఒక గల్లీ లోపల, మెట్లు దిగి పోయే సెల్లార్ల డీటీపీ చేస్త. పుస్తకాలు, పెండ్లి పత్రికలు, కోచింగ్ సెంటర్ల మెటీరియలు, ఏదొస్తే అది. చదువు ఇంటర్ దాకనే. మిగిలిన చదువంత టైపు కొట్టంగ కొట్టంగ వచ్చింది. దాంట్ల ఒక చిక్కున్నది. ఏది కొడుతుంటే అదే నా విద్య. షుగర్ జబ్బు మీద పుస్తకం కొట్టిన నెల మా ఇంట్ల అన్నం బంద్. వాస్తు పుస్తకం కొట్టినప్పుడు, మెట్లు తప్పు దిక్కున ఉన్నయి, కూలగొట్టాలె అని మా ఇంటి ఓనర్‌కే చెప్పిన. ఆయనది తాతల నాటి నుంచి చిక్కడపల్లి. నన్ను కిందికీ మీదికీ చూసి, మెట్లయితే ఉంటయి, నువ్వు ఉంటవా పోతవా అది చెప్పు అన్నడు. ఆ రాత్రే వాస్తు మర్చిపోయిన.

ఈసారి నా నెత్తిన పడ్డది ట్రౌట్ చేప.

నల్లకుంటల ఒక రిటైర్డ్ ఇంజనీరు సారు ఉంటడు. ఏటా హిమాలయాల దిక్కు పోయి, మంచు కరిగి పారే వాగులల్ల నడుము దాక దిగి నిలబడి, గాలం వేసి ట్రౌట్ అనే చేపను పడతడు. పట్టి, ఫొటో దిగి, మళ్ళ నీళ్ళల్లనే ఇడిసిపెడతడు. గంత దూరం పోయి ఇడిసిపెట్టుడేంది సార్ అని అడిగితే, నీకు సమజ్ కాదులే అన్నడు. నిజమే, ఇప్పటికీ కాలే. ఆ చేప మామూలు ఎరకు రాదంట. వాగుల ఆ రోజుల్ల ఏ పురుగు రెక్కలు విప్పి లేస్తుందో, అచ్చం అసొంటి పురుగునే ఈకలతోని దారంతోని కట్టి గాలానికి పెడితేనే నోరు తెరుస్తదంట. అందుకని ఏ నెలల ఏ పురుగు వస్తదో పట్టేటోడికి తెలిసుండాలె. గా పురుగుల మీద సారు తెలుగుల ఒక పుస్తకం రాసిండు. నాకు ఇచ్చిండు.

మొదటి రోజు నవ్వుకుంట కొట్టిన. రెండో రోజు నవ్వు బందయింది. ఇసుక రేణువులు ఒక్కొక్కటి అతికించుకొని ఒంటి చుట్టూ ఇల్లు కట్టుకునే పురుగు ఉన్నదంట. కిరాయి లేని ఇల్లు, అది గూడ చల్లటి వాగుల. నేను ఇరవై ఏండ్ల సంది కడుతున్న కిరాయి యాదికొచ్చి ఆ లైను రెండుసార్లు కొట్టిన. ఇంకోటి మేఫ్లై. ఏడాది, కొన్నయితే రెండేండ్లు, నీళ్ళ కింద రాయిని కరుచుకొని పడుంటయి. ఒకనాడు సాయంత్రం అన్నీ ఒక్కసారి పైకొచ్చి రెక్కలు విప్పుతయి. గా ఒక్కపూటే వాటి ఎగురుడు. ఆ పూట వాటికి పనిచేసే నోరు గూడ ఉండదంట, తినే టైం లేదు గనక.

ఇది కొడుతుంటే నా చేతులు ఆగినయి. మా సెల్లార్ మెట్ల మీద కూసొని బిట్లు బట్టీ పట్టే పిల్లల గొంతులు వినబడుతున్నయి. వీళ్ళు గూడ గంతే గదా అనిపించింది. అశోక్‌నగర్ హాస్టల్ రూముల్ల ఏండ్లకేండ్లు ఒక టేబుల్‌ను కరుచుకొని ఉంటరు. ఒకనాడు పొద్దున సర్కారు కొలువు పరీక్ష. రెక్కలొస్తే వచ్చినట్టు, లేకుంటే మళ్ళ రాయి కిందికే. ఒక్కటే ఫరక్, వీళ్ళకు నోరున్నది. ఆ నోటికి ఇంత అన్నం పెట్టేటోళ్ళు కావాలె.

ఇగ నాకు పిచ్చి పట్టింది. పుస్తకంల ఉన్నది కండ్లతోని చూడాలె. హైదరాబాద్‌ల కొండ వాగు ఏడికెల్లి వస్తది? మనకున్నది హుస్సేన్‌సాగర్ నాలా. సాయంత్రం పని అయినంక అశోక్‌నగర్ బ్రిడ్జి మీద, ముక్కుకు దస్తీ కట్టుకొని, కటాంజనం మీద వంగి కిందికి చూసుకుంట నిలబడేటోన్ని. ఒక ఆటో అన్న బండి ఆపి మెల్లగ వచ్చి నా భుజం మీద చెయ్యేసిండు. ఇంట్ల లొల్లులు అందరికీ ఉంటయి అన్న, ముందు ఒక ఛాయ్ తాగుదాం పా అన్నడు. పురుగుల కోసం చూస్తున్నానని చెప్పిన. ఆయన చెయ్యి ఇంక గట్టిగ పట్టుకున్నడు. పైసలు తీసుకోకుండ మా ఇంటి దాక దింపి, మా ఆమెకు అప్పజెప్పి పోయిండు.

సరే, యాదమ్మ సంగతికొస్త. నా మధ్యాహ్నం భోజనం, అప్పుడప్పుడు రాత్రిది గూడ, అశోక్‌నగర్‌ల ఆమె మెస్సులనే. ఆమెది పాలమూరు దిక్కు. మొగడు బాలయ్యతోని కట్టడం పనికి పట్నం వచ్చింది. పరంజ మీదికెల్లి పడి బాలయ్య నడుము ఖరాబైంది. అప్పటి నుంచి ఆమె తోటి కూలోళ్ళకు వండుకుంట వండుకుంట, ఒక షట్టర్ కిరాయికి తీసుకొని పిల్లలకు మెస్సు పెట్టింది. బాలయ్య కౌంటర్ల కూసొని మెస్సు కార్డుల మీద టిక్కులు కొడతడు. ఆమె నన్ను కంప్యూటరన్న అంటది. నేను ఆమెను అక్క అంట. ఎవరు పెద్దనో ఇద్దరం ఎన్నడూ అడుగలే.

అది అశోక్‌నగర్ మెస్సులకు కరువు కాలం. పరీక్ష అయిపోయింది, కొత్త నోటిఫికేషన్ రాలే. సగం మంది బ్యాగులు సర్దుకొని ఊర్లకు పోయిన్రు. ఈ ఉన్నోళ్ళు నిలబడితే నిలబడ్డట్టు, లేకపోతే షట్టర్ దించి మళ్ళ ఇటుకలు మోయుడే అని ఆమె నాతోని అన్నది. ఏడ్పుగొంతుతోని గాదు, పప్పు కలుపుకుంట అన్నది.

వానలు ఆగి చలి ఇంకా మొదలుగాని రోజులు. ఒకనాడు పిల్లలు రాకముందే పోయిన. తాగే నీళ్ళు క్యాన్లల్ల వస్తయి, చేతులు కడుక్కునేటందుకు వెనుక ఒక నీలం డ్రమ్ము ఉంటది. యాదమ్మ డ్రమ్ము కాడికెల్లి పిలిచింది.

"అన్న, జర ఇటు రా. గివేందో చూడు."

వంగి చూసిన. అడుగున బురద పేరుకున్నది. దాంట్లకెల్లి సన్నటి ఎర్రటి దారాల లెక్క పురుగులు మెలికలు తిరుగుతున్నయి. ఆమె అప్పటికే చీపురు పట్టుకున్నది, పక్కన బ్లీచింగ్ డబ్బా. డ్రమ్ము బోర్లేసి, రుద్ది, కడిగితే అయిపోయే పని. ఎవరికీ తెల్వకపోతుండె. నేను చెయ్యి అడ్డం పెట్టిన.

"ఆగు అక్క. ఇవి దోమలు కావు."

"మరేంది?"

"ట్రౌట్ చేపల తిండి."

ఆమె డ్రమ్ముల వంగి చూసింది, మళ్ళ నా మొఖం చూసింది. "మరి చేపలేవి?"

గప్పుడన్నా నేను నోరు మూసుకోవాలె. మూసుకోలే. వీటిని మిడ్జ్ పురుగులంటరు, ఇవి కుట్టవు, రోగాలు తేవు, ఎంత చలిల గూడ వాగుల ఏడాది పొడుగూ లేచే జాతి ఇదొక్కటే, వీటికి సీజన్ అనేదే లేదు అని చెప్పిన. అంటే ఇగ ఎప్పటికీ ఉంటయా అని ఆమె అడిగింది. లేదక్క, కొన్ని అప్పుడే లావెక్కినయి, రేపో ఎల్లుండో సాయంత్రం రెక్కలొచ్చి ఎగిరిపోతయి, నేను ఒక్కసారి కండ్లార చూస్త, తర్వాత నేనే కడుగుత అని బతిమాలిన.

"నీకు తెల్సు గదా అన్న?" అన్నది.

తెల్సు అక్క అన్న నేను.

ఆమె నమ్మింది. చేతుల నీళ్ళకు వేరే బకెట్టు పెట్టింది, డ్రమ్ము మీద పాత చీర కప్పి కట్టింది. ఇప్పటికీ నన్ను లోపల పొడిచేది గా నమ్ముడే. నేను చదివినోన్ని కాదు, చదివినోళ్ళ రాతలు కొట్టినోన్ని. ఆ తేడా ఆమెకు తెల్వదు. నాకు తెల్సు.

మర్నాడు సాయంత్రం పొద్దుగూకే యాళ్ళకు పోయిన. లోపల ట్యూబులైట్లు వేసిన్రు. పిల్లలు అప్పుడప్పుడే వచ్చి ప్లేట్లు పట్టుకొని కూసున్నరు. నేను డ్రమ్ము కాడికి పోయి, చీర ఒక అంచు ఎత్తిన. ఏం చెప్పాలె! నీళ్ళ మీదికి ఒక పురుగు తేలి, వీపు పగిలి, పాత తోలును పడవ లెక్క చేసుకొని దాని మీద నిలబడ్డది. రెక్కలు ఆరబెట్టుకున్నది. లేచిపోయింది. దాని ఎనుక ఇంకోటి. దాని ఎనుక పదులు, వందలు. పుస్తకంల ఎట్లున్నదో గట్లనే. నాకు నిజంగనే కండ్లల్ల నీళ్ళొచ్చినయి. ఇంకా మంచిగ చూద్దామని చీర మొత్తం తీసేసిన.

కొండల మీద అయితే అవి సంధ్యవెలుగులకు పోయేటియి. ఈడ ట్యూబులైట్లకు పోయినయి. ట్యూబులైటు కింద పప్పున్నది, మజ్జిగున్నది.

"దోమలు" అని ఒకడన్నడు. "డెంగ్యూ ఉన్నది బయట" అని ఇంకొకడన్నడు. కుర్చీలు జరిగినయి. యాదమ్మ వంటింట్లకెల్లి ఉరికొచ్చి, పప్పు గిన్నె మీద మూత పెట్టుకుంట నా దిక్కు చూసింది. ఆమె మొఖం చూసి, ఇగ నేనే కాపాడాలె అనుకున్న. బెంచీ మీదికెక్కిన.

పిల్లలకు చెప్పిన. ఇవి దోమలు కావు, కుట్టవు. ఇవి కొండవాగు పురుగుల జాతి. ట్రౌట్ అనే రాజా చేప వీటినే తిని బతుకుతది. పెద్ద పెద్దోళ్ళు వాగు నీళ్ళు మంచియా కావా అని ల్యాబుకు పంపకముందే రాయి లేపి పురుగులు చూస్తరు. ఏ నీళ్ళల్ల పురుగులుంటయో ఆ నీళ్ళు స్వచ్ఛం. అందుకని ఇది యాదమ్మ మెస్సుకు ప్రకృతి ఇచ్చిన సర్టిఫికెట్.

ఈ చివరి ముక్క అన్నప్పుడు చెయ్యి గూడ పైకెత్తిన. చప్పట్లు కొడతరేమో అనుకున్న.

మూలకెల్లి స్రవంతి చెయ్యి లేపింది. వనపర్తి దిక్కు పిల్ల, మూడోసారి గ్రూప్స్‌కు చదువుతున్నది. ఎవరితోని గట్టిగ మాట్లాడది.

"సార్, ఆ పురుగు నీళ్ళల్ల ఉన్నప్పుడు ఏ రంగు?"

"ఎరుపు" అన్న గర్వంగ.

"ఎరుపంటే దాంట్ల హిమోగ్లోబిన్ ఉన్నట్టు సార్. ఆక్సిజన్ సరిగ లేని నీళ్ళల్ల గదే బతుకుతది. మీరు చెప్పే మంచినీళ్ళ పురుగులు మేఫ్లై, స్టోన్‌ఫ్లై. ఇది మురికినీళ్ళ గుర్తు. మొన్న మాక్ టెస్టుల వచ్చింది."

ఒకడు మెల్లగ, ఆప్షన్ సీ, నేను తప్పు పెట్టిన అని గొణిగిండు. తర్వాత ఒక్కొక్క ప్లేటు కిందికి దిగింది. ఆ పిల్ల మొఖం నాకంటే ఎక్కువ చిన్నబోయింది. జవాబు చెప్పుడు అలవాటైన పిల్ల, చెప్పినంక ఏమైతదో అప్పుడే చూసింది.

ఇంటికి పోయినంక పుస్తకం ఫైలు తెరిచి చూసిన. స్రవంతి చెప్పిన ముక్క ఉన్నది, నేను చెప్పిన ముక్క ఎనుక పేజీలనే. ఆ పేజీ కొట్టింది గూడ నేనే. వేళ్ళు కొట్టినయి, బుర్ర ఆడ లేదు.

యాదమ్మ ఆ సాయంత్రం, నేను ఇంటికి పోకముందు, వదిలేసిన ప్లేట్లు ఎత్తుకుంట, "నువ్వు తినిపో అన్న, నీకైతే పురుగులు అలవాటే గద" అన్నది. తిన్న. ఉప్పు తెల్వలే, కారం తెల్వలే.

గంతటితోని ఆగితే మనిషి అనిపించుకుందును. రాత్రంత ఆలోచన చేసి, పొద్దుగాల్నే సెల్లార్‌కు పోయి, పెద్ద అక్షరాల్తోని ఒక నోటీసు కొట్టిన. ఎర్ర అంచు గూడ వేసిన. 'గమనిక. మా మెస్సులో తాగే నీళ్ళలో పురుగులు లేవు. చేతులు కడుక్కునే నీళ్ళలో మాత్రమే ఉండినవి. అవి కుట్టవు. ఇట్లు, యాజమాన్యం.' ఫాంటు మంచిగ కుదిరింది. మెస్సు గోడకొకటి, చౌరస్తా దాక కరెంటు స్తంభాలకు తలొకటి అతికించిన. బాలయ్య కుర్చీలకెల్లి కష్టంగ లేచి, అక్షరం అక్షరం కూడబలుక్కొని చదివిండు. చదివి, ఇంటి పేరు గూడ రాస్తే అయిపోవు గద అన్నా అన్నడు.

అప్పటి దాక ఆ సంగతి తెల్సింది ఆనాడు లోపల కూసున్నోళ్ళకే. మధ్యాహ్నానికి అశోక్‌నగర్ మొత్తం తెల్సింది. ఎవరో ఫొటో తీసి గ్రూపులల్ల పెట్టిన్రు. కింద ఒకడు, ప్రోటీన్ ఫ్రీనా అని రాసిండు. సాయంత్రానికి ఊర్లకు పోయిన పిల్లలు గూడ, అక్కా పురుగులంట గదా అని ఫోన్లు చేసిన్రు. ఉన్నోళ్ళనే గాదు, రాబోయేటోళ్ళను గూడ పోగొట్టిన. మెస్సుల ఆ పూట తిన్నది బాలయ్య, నేను.

మర్నాడు యాదమ్మ నారాయణగూడ వచ్చింది. మా సెల్లార్ మెట్లు ఆమె దిగుడు అదే మొదటిసారి. స్తంభాల మీది నోటీసులన్నీ పీకి, మడిచి, టేబుల్ మీద పెట్టింది. తిడుతదని కూసున్న. తిడితే బాగుండు.

"అన్న, నువ్వు మంచికే చేసినవు, నాకు తెల్సు" అన్నది. "గని నా కోసం ఇంకేం రాయకు. ఏం చెప్పకు. రాసినకొద్దీ మనుషులు పోతున్నరు."

ఊఁ అన్న.

"కట్టడం పనికి మళ్ళ పోదామంటే ఆయన నడుము ఒప్పది, నా మోకాళ్ళు ఒప్పయి. నాకు ఇదొక్కటే ఉన్నది." జర సేపు మా స్క్రీను మీద ఉన్న పురుగు బొమ్మ చూసింది. "దీన్ని చూసేటందుకేనా?"

నేను చెయ్యి చాపి స్క్రీను బంద్ చేసిన.

లేచి పోయేటప్పుడు, రేపు కోచింగ్ క్లాసులు ఇడిసే యాళ్ళకు రా, పాత బట్టలు తొడుక్కొని రా అన్నది.

పోయిన. ఆమె డ్రమ్మును ఎనుకకెల్లి దొర్లించుకొచ్చి, షట్టర్ ముంగట, రోడ్డు మీద, అందరికీ కనబడేటట్టు పడేసింది. నా చేతికి పీచు, బ్లీచింగ్ డబ్బా ఇచ్చింది. ఎనుక కడిగితే కడిగిన అని నువ్వంటవు, ఈడ కడిగితే కడిగిన్రని వాళ్ళంటరు అన్నది. ఇన్ని పుస్తకాలు కొట్టిన, ఇంత సాఫ్‌గ ఒక ముక్క ఎవరూ రాయలే.

డ్రమ్ము లోపలికి నడుము దాక దూరిన. బ్లీచింగ్ వాసనకు ముక్కు మండుతున్నది. బయట క్లాసులు ఇడిసినయి. నాకు కనబడేటియి చెప్పులు, బూట్లు, బ్యాగుల అంచులు. వచ్చి ఆగుతున్నయి, పోతున్నయి. గీయనేనా అని ఒక జత బూట్లు అడిగినయి. గీయనే అని ఇంకో జత అన్నయి. లోపల రుద్దుతుంటే, నల్లకుంట ఇంజనీరు సారు వాగుల నడుము దాక దిగుడు యాదికొచ్చింది. ఆయన ఫొటో దిగుతడు. నాకు గూడ తీసిన్రు, ఎనుకకెల్లి.

ఒక జత చప్పల్స్ మాత్రం కదలకుండ నిలబడ్డయి.

"సార్" అన్నది స్రవంతి గొంతు. "ఇప్పుడు పురుగులు లేవు గద. మొన్నటి మీ లెక్క ప్రకారం నీళ్ళు ఖరాబైనట్టా?"

డ్రమ్ముల నా నవ్వు నాకే ఉరిమినట్టు వినబడ్డది. బయటికొచ్చేసరికి ఆ పిల్ల గూడ నవ్వుతున్నది, గని కండ్లు యాదమ్మ దిక్కే ఉన్నయి. నేను నోరు మూసుకొని ఉంటే బాగుండు అక్కా అన్నది ఆమెతోని. యాదమ్మ ఆమె బ్యాగు తీసి కుర్చీ మీద పెట్టింది. "నువ్వు అడిగినందుకు జవాబు తెలిసింది బిడ్డా, లేకపోతే ఈయన ఇంకా సర్టిఫికెట్ అంటుండె. అన్నం తిందువు రా" అన్నది.

ఆ పూట ఆ పిల్ల ఒక్కతే తిన్నది. మిగిలినోళ్ళు రోడ్డు మీదికెల్లే చూసి పోయిన్రు. అప్పుడు యాదమ్మ నాకు కొత్త డ్యూటీ వేసింది. తలుపు పక్క టేబుల్, రోడ్డు మీదికి మొఖం. రోజూ పన్నెండున్నరకు అందరికంటే ముందు వచ్చి, కూసోవాలె. లేచి డ్రమ్ము నీళ్ళతోని చేతులు కడుగాలె. గ్లాసు నీళ్ళు తాగాలె. కడుపు నిండ తినాలె. మాట్లాడొద్దు. మొఖం మీద పురుగుల జ్ఞానం కనబడొద్దు.

కూసున్న. మొదట్ల పిల్లలు రోడ్డు అవతల నిలబడి నా దిక్కు చూసేటోళ్ళు, నేనేమన్న అయితనేమో అని. ఏం కాలే. కొంచెం లావైన గూడ. మెల్లగ ఒక్కొక్కరు రోడ్డు దాటిన్రు. స్రవంతి తన హాస్టల్ పిల్లలను ఇద్దరిని తెచ్చింది. వాళ్ళు ఇంకో ఇద్దరిని. బాలయ్య పెన్ను మళ్ళ టిక్కులు కొట్టుడు మొదలువెట్టింది. అంతా వచ్చిన్రని అనను, కొందరు పోయిన్రు పోయినట్టే. గని షట్టర్ దిగలే.

నిన్న నాకు జర దగ్గు లేచింది. పనికి పోకుండ ఇంట్లనే దుప్పటి కప్పుకున్న. పన్నెండుముప్పావుకు యాదమ్మ ఫోను. జ్వరమా అని అడుగుతదనుకున్న.

"అన్న, ఎట్లన్న జేసి రా. నీ కుర్చీ ఖాళీ ఉన్నదని పిల్లలు షట్టర్ కాడనే ఆగుతున్నరు."

"దగ్గొస్తుంది అక్క."

"బయటనే మొత్తం దగ్గేసి లోపలికి రా."

పోయిన. గల్లీ మలుపుల నిలబడి, ఉన్న దగ్గంత దగ్గేసి, మొఖం తుడుచుకొని, నవ్వుకుంట పోయి కూసున్న. గ్లాసు ఎత్తి తాగిన. కొత్తగ వచ్చిన ఒక పిలగాడు తలుపు కాడ నిలబడి నా గ్లాసు చూసిండు, నా రంగు చూసిండు, ఊపిరి మంచిగ ఆడుతుందా అని గూడ చూసిండు. చూసి, ప్లేటు తీసుకున్నడు. యాదమ్మ వంటింట్లకెల్లి ఫోన్ల ఎవరికో, ఊరికెల్లి వాపసొచ్చే పిల్లకే కావచ్చు, చెప్తున్నది: ఆఁ, కూసున్నడు. తింటున్నడు. మంచిగనే ఉన్నడు, వచ్చెయ్ బిడ్డా.

కొండల మీద నీళ్ళు ఎట్లున్నయో తెల్వాలంటే, వాగుల దిగి, రాయి లేపి, కింద ఏ పురుగు బతికున్నదో చూడాలంట. అశోక్‌నగర్‌ల గంత కష్టం లేదు. తలుపు పక్క టేబుల్ చూస్తే సాలు.